గోడకి చెవి పెట్టిన దొరసాని

మొన్న ఈ మలాయి దేశంలో, క్లాంగు సంతలో చేపలు బేరమాడుతుంటే వెనక నుంచి ఎవరో "నూకాలూ" అని కేకేశారు. తిరిగి చూస్తే బంగళా కుక్కీ. హైనాను చీనావాడు. పాత తోటలో ఉన్నప్పుడు వంటింట్లో వాడూ, పైపనికి నేనూ ఏళ్ళ తరబడి కలిసి పనిచేశాం. జుట్టంతా నెరిసిపోయింది. క్షేమసమాచారం అడక్కుండానే, మా ఇద్దరికీ వచ్చిన మలాయి ముక్కల్లో కబురు చెప్పేశాడు. దొరసాని పోయిందట. సుంగై పెటాని దగ్గర దొర పనిచేస్తున్న రబ్బరు తోటలో, జ్వరం వచ్చి పోయిందట.

"ఆఖర్న ఏమైనా అన్నాదా?" అని అడిగాను.

"నాతో ఏమంటుంది లా," అన్నాడు కుక్కీ, మలాయి వాళ్ళలాగా మాట చివర "లా" తగిలించి. "దొర పక్కనే కూర్చున్నాడు."

చేపలు కొనకుండానే ఇంటికొచ్చేశాను. ఒట్టి సంచీ చూసి మా పైడమ్మ, "ఏటమ్మా, సంతలో సేపలే నేవా?" అంది. చెప్పాను. దానికిప్పుడు పెళ్ళీడు వచ్చింది. దొరసాని ముఖం గుర్తులేదంది. నీళ్ళు మాత్రం గుర్తున్నాయంది. "ఆవిడెలాగుండేది? సెప్పు," అని పక్కన కూచుంది. దానికి చెప్పినదే ఇక్కడ చెబుతున్నాను.

ఆవిడ పేరు నాకు తెలీదు. దొర ఏదో పొట్టిపేరుతో పిలిచేవాడు గాని అది నా నోటికి తిరిగేది కాదు. దొర పెళ్ళాం కాదు, అక్క. ఇద్దరికీ పెళ్ళిళ్ళు లేవు. మా కొబ్బరి తోట హుటాన్ మెలింటాంగ్ ఊరికి దిగువన, ఏరు సముద్రంలో కలిసే వైపు. పోటునీళ్ళు లోపలికి రాకుండా చుట్టూ మట్టిగట్టు. గట్టు లోపల మేముండే కూలి లైన్లు, ఆసుపత్రి, ఎండు కొబ్బరి నిలవచేసే పెద్ద గోదాము, మధ్యలో పొడుగాటి కర్రస్తంభాల మీద బంగళా. బంగళాలో గోడలు చెక్కవి, పైకప్పు మన తాటాకు లాంటి అత్తాపాకుది. మిగతా తోటల్లో దొరలకి ఇటిక గోడలూ పెంకులూ వచ్చేశాయి. మా దొరకీ కట్టిస్తామన్నారట. ఆవిడ ఒప్పుకోలేదని తోట లెక్కలు రాసే కిరాణీ చెప్పేవాడు.

పొడుగ్గా, సన్నగా, కొంచెం ముందుకి వంగి ఉండేది. బూడిదరంగు గౌను. ఇంట్లో ఉత్తికాళ్ళతో తిరిగేది, అడుగు కింద నేల ఎలా ఉందో తెలుసుకుంటున్నట్టు నెమ్మదిగా. అన్నిటికన్నా ముందు నేను చూసింది ఆవిడ కుడిచెయ్యి. వేళ్ళ కణుపుల మీద చర్మం కాయకట్టిపోయి, గొడ్డలి పట్టే మగాడి అరచేతిలా ఉండేది. పనంటూ చెయ్యని దొరసానికి ఆ కాయలెక్కడివా అనుకునేదాన్ని.

తరవాత చూశాను. చెక్కగోడలు ఆవిడకి పట్టేవి కావు. ఇటికగోడ కనిపిస్తే మాత్రం ఆగిపోయేది. ఆసుపత్రికి జబ్బువాళ్ళని చూడ్డానికి వెళ్ళినా సరే, లోపలికి అడుగుపెట్టేది కాదు. ముందు గోడ మీద కణుపులతో కొట్టేది. చెవి ఆనించేది. ఎవర్నో ఒక మాట అడిగి, జవాబు కోసం ఆగినట్టు ఆగేది. మళ్ళీ జానెడు పైన కొట్టేది. అలా చుట్టూ తిరిగొచ్చి, బయటే నిలబడి కిటికీలోంచి జబ్బువాళ్ళని పలకరించేది.

"ఏటి ఇంటన్నారు దొరసానమ్మా?" అని ఒకసారి అడిగాను.

"అదేటంటాదో అని," అంది.

ఆవిడ తెలుగు నా దగ్గర నేర్చుకున్నదే. అందుకని తెల్లదొరసాని నోట మా విజీనగరం పక్క యాస వచ్చేది. మా పిల్ల కనపడకపోతే, "ఏటి నూకాలూ, గుంట నేదా ఈయాల?" అనేది. తమిళ కిరాణీ పక్కకి తిరిగి నవ్వేవాడు. పెద్దా చిన్నా లేదు, అందర్నీ నువ్వే. మా అత్తని కూడా నువ్వే.

మా అత్తకి ఆవిడంటే భయం. "దానికి గాలి పట్టినాదే కోడలా. ఆల్ల దేశంలో గోడలో ఎవుల్నో పెట్టి కట్టేసినారు. ఆ పేనం దీన్ని పిలస్తాది. గుంటనట్టుకొని దాని దరికి ఎల్లకు," అనేది. నేను వినేదాన్ని కాదు గాని, గాలి ముదిరిన రోజుల్లో ఆవిడని చూస్తే అత్త మాట నిజమేనేమో అనిపించేది. ఆవిడ మంచం గది నట్టనడుమ ఉండేది, ఏ గోడకీ చెయ్యి అందనంత దూరంలో. గాలివాన వచ్చిందంటే ఆ మంచం మీద కూడా ఉండేది కాదు. మెట్ల మీదికి వచ్చి, తడుస్తూ, ఇంటి కప్పు వైపే చూస్తూ కూచునేది. దొర వచ్చి గొడుగు పట్టుకొని పక్కన నిలబడేవాడు. కోపం వస్తే కూలీల మీద పెత్తనం చేసే కంగాణీలు కూడా వణికే మనిషి, అక్కని ఒక్క మాట అనేవాడు కాదు. ముఖం మాత్రం సిగ్గుతో ఎర్రబడి ఉండేది.

దొర గదిలో ఒక ఫొటో ఉండేది. పెద్ద రాతిమేడ. కోసుగా లేచిన కప్పులు, వాటన్నిటినీ మించి ఆకాశంలోకి లేచిన ఒక పొగగొట్టం. దాన్ని తుడిచేటప్పుడు, ఇంత ఎత్తు ఎందుకో అనుకునేదాన్ని. ఆ గదిలోంచి నడవాల్సి వస్తే దొరసాని ఆ గోడ వైపు చూసేది కాదు.

పైడమ్మని నాతో బంగళాకి తీసుకెళ్ళేదాన్ని. అప్పుడు అది ఇంకా పాలపళ్ళ పిల్ల. వసారాలో బల్ల దగ్గర దొరసాని ఎదురుగా కూచుని, "ఇల్లు గీయ్," అనేది. ఆవిడ గ్లాసులో వేలు ముంచి, తడివేలితో బల్ల మీద ఇల్లు గీసేది. ఎంత చురుగ్గా గీసేదో! వాసాలు, కిటికీలు, మెట్లు, తలుపు మీద తీగలు, అన్నీ ఒక్క నీటిగీత తెగకుండా వచ్చేవి. ఆరేలోపల తనే అరచేత్తో తుడిచేసేది. పైడమ్మ లబలబలాడేది. ఆవిడ దానివైపు చూసి నవ్వేది. దాన్ని ఎప్పుడూ ముట్టుకునేది మాత్రం కాదు. చెయ్యి చాచబోయి వెనక్కి తీసేసుకునేది.

అలాంటావిడ ఒకరోజు దాని రెక్క పట్టి ఈడ్చింది.

బంగళా వెనకాల వంటిల్లు విడిగా ఉండేది. నిప్పు భయానికి దాన్ని ఇటికలతో కట్టారు. ఎండ మండిపోతున్న వేళ, పైడమ్మ ఆడి ఆడి ఆ గోడనీడలో వీపానించి నిద్రపోయింది. నేను బట్టలు ఆరేస్తున్నాను. పైన కిటికీలో దొరసాని కేక వినపడింది. తిరిగేలోపల మెట్లు దిగి, మండే ఇసకలో ఉత్తికాళ్ళతో పరిగెత్తుకొచ్చి, పిల్లని రెక్క పట్టి పెరడు దాటేదాకా ఈడ్చుకుపోయింది. పిల్ల గుక్కపట్టింది. చెయ్యి కమిలిపోయింది.

నాకు ఒళ్ళు తెలీలేదు. "ఏటి దొరసానమ్మా, గుంటని సంపేత్తావా? పనికొచ్చినాం గాని పేనాలమ్ముకోనేదు!" అన్నాను. బుట్టలో నా గుడ్డలు పడేసుకొని, పిల్లని చంకనేసుకొని బయల్దేరాను. కుక్కీ గుమ్మంలో నిలబడిపోయాడు.

ఆవిడ నా దారికి అడ్డంగా వచ్చి నిలబడింది. ఊపిరాడటం లేదు ఆవిడకి.

"ఎల్లిపో నూకాలూ. వొద్దనను," అంది. "ఒక్కమాటిని ఎల్లు."

కొబ్బరి మొక్కలు పెంచే పందిరి కింద కూచున్నాం. నా ఒళ్ళో పిల్ల వెక్కుతూ ఉంది. ఆవిడ చెప్పింది, వచ్చిన తెలుగులో, రాని చోట తమిళంలో, అదీ చాలనప్పుడు చేతుల్తో.

"మా అయ్య ఇళ్ళు గీసే దొర," అంది. "గుళ్ళు కట్టినాడు. బళ్ళు కట్టినాడు. కడాకి మాకు ఇల్లు కట్టినాడు."

ఫొటోలోని ఇల్లు అదే. ఊరికి పైన గుట్ట మీద కట్టాడట. ఆ పొగగొట్టం ఊరంతటికీ ఎత్తు. వచ్చినవాళ్ళని ముంగిట్లో నిలబెట్టి, "పైకి చూడండి, టోపీ పడిపోవాలి," అనేవాడట. ఆ దేశంలో చలికి గదిలోనే పొయ్యి ఉంటుందట. ఆ గొట్టం మేడమీద ఆడపిల్లల గదిలోంచే పైకి వెళ్ళేది. ఆవిడ పెద్దపిల్ల. తరవాత ఒక చెల్లెలు. మా దొర ఉయ్యాల్లో ఉన్నాడు.

ఒకరోజు ఇల్లు చూడ్డానికి పెద్దపెద్దవాళ్ళు వచ్చారు. ఈవిడ గదిలో ఒక్కతే ఉంది. పొయ్యిలోకి సన్నగా ఇసక రాలింది. తరవాత గోడలోపల, ఎండుకర్ర విరిగినట్టు చిన్న చప్పుడు. మళ్ళీ ఇసక. భయమేసి కిందికి దిగింది. వాళ్ళ నాన్న వచ్చినవాళ్ళ మధ్య నిలబడి మాట్లాడుతున్నాడు. పక్కకెళ్ళి నిలబడింది. నలుగురిలో పిల్లలు మాట్లాడకూడదు ఆ ఇంట్లో. ఆయన తల తిప్పకుండానే, ఆగు అని వేలెత్తాడు. ఆగింది. కోటు పట్టుకు లాగింది. మళ్ళీ వేలెత్తాడు. గదికి తిరిగి వెళ్ళిపోయింది.

దగ్గు వస్తోందని ఆ పూట వాళ్ళమ్మ ఈవిడని తన గదిలో పడుకోబెట్టుకుంది. గాలి లేచింది. గొట్టం కప్పు పగలగొట్టుకొని చెల్లెలి మంచం మీద పడింది.

పైడమ్మ వెక్కడం మానేసి వింటోంది. దొరసాని దాని వైపు చూడలేదు.

"మా అయ్య మల్లీ కట్టినాడు," అంది. "అంతెత్తే కట్టినాడు."

"మళ్ళీనా! ఎందుకమ్మా?"

"పొట్టిగా కడితే తప్పని ఒప్పుకున్నట్టు."

ఆ తరవాత ఆయన ఇంకే ఇల్లూ గియ్యలేదట. పని ఇస్తామని వచ్చినవాళ్ళని గుమ్మంలోంచే పంపేసేవాడట. పొద్దుగూకితే దీపం పట్టుకొని ఇల్లంతా తిరుగుతూ గోడలు కొట్టి వినేవాడు. వెనకాల ఈవిడ. ఈవిడ వెనకాల, నడక వచ్చాక, తమ్ముడు. అన్ని గదులూ తిరిగొచ్చి భోజనానికి కూచుంటే వాళ్ళమ్మ తలెత్తకుండా ఒక్కటే అడిగేది: "ఏమంటోంది?" ఆయన, "ఏమీ లేదు," అనేవాడు. మొగుడూ పెళ్ళాల మధ్య బతికున్నన్నాళ్ళూ మిగిలిన మాటలు అవే. తల్లి పోయింది. ఈవిడకి పెళ్ళి కుదిరి తప్పిపోయింది. కాబోయే అత్తవారింట్లో కూడా గోడలు కొడుతోందని. తమ్ముడు చదువు అవగానే ఓడెక్కి ఈ దేశం వచ్చేశాడు.

చివరికి తండ్రి మంచం పట్టాడు. ఆ గొట్టం కిందే, చెల్లెలి గదిలోనే పడుకోబెట్టమన్నాడు. పోయేముందు ఈవిడ చెయ్యి పట్టుకొని అడిగాడట.

"ఆవేల నువ్వొచ్చి నా పక్కని నిలబడ్డావు. ఏటి సెప్పడానికొచ్చినావు?"

దొరసాని అంతటితో ఆగిపోయింది. పైడమ్మే అడిగింది, "ఏటన్నావు?" అని.

"బిస్కట్టు కోసం వొచ్చినానయ్యా అన్నాను," అంది ఆవిడ. "ఆయన నమ్మినాడో నేదో నాకు తెల్దు. కళ్ళు మూసుకున్నాడు."

నేను, "దొరకి తెలుసా ఈ మాట?" అన్నాను.

"తెల్దు. సెప్పకు," అంది. "అప్పుడాడు ఉయ్యాల్లో ఉన్నాడు."

నేను బుట్ట తిరిగి లోపల పెట్టాను. పిల్లని ఆ వంటింటి గోడ దగ్గరికి మళ్ళీ పోనివ్వలేదు. భయపడి కాదు. పైన కిటికీలో ఆవిడ ఉంటుంది కదా అని.

ఆ తరవాతి వానాకాలం వరద వచ్చింది. పైన కొండల్లో వాన, కింద సముద్రపు పోటు, రెండూ ఒక్కసారి ఏట్లో కలుసుకున్నాయి. మగాళ్ళంతా దొర వెంట గట్టు మీదికి వెళ్ళారు, మట్టిబస్తాలు వెయ్యడానికి. మా ఇంటాయన కూడా. పొద్దెక్కేసరికి గట్టు తెగింది. నేను బంగళాలో ఉన్నాను. కిందనున్న కోళ్ళగూడు తేలిపోవడం చూశాను. చూస్తూండగానే నీళ్ళు మెట్లెక్కాయి. బంగళా స్తంభాలు ఒకసారి మూలిగాయి. నేల కదిలింది.

తోటలో ఎత్తున్నది ఒక్క గోదామే. మట్టి పోసి మెరక చేసి దాని మీద కట్టారు. దళసరి ఇటికగోడలు, పైన ఇనపరేకులు. లైన్లలోంచి ఆడాళ్ళు, పిల్లలు, ముసలాళ్ళు గుంపులుగా అటే నీళ్ళలో కాళ్ళీడ్చుకుంటూ వెళ్తున్నారు. కుక్కీ ఎక్కణ్ణుంచో చిన్న పడవ లాక్కొచ్చాడు. "తొరగా లా! తొరగా!" అని అరుస్తున్నాడు.

"నువ్వు గుంటని తీసుకొని ఎల్లు," అంది దొరసాని. వసారా మధ్యలో కుర్చీలో కూచుని ఉంది.

"మీరూ రండి. ఈ ఇల్లు ఆగదు."

"ఇది పడితే తేల్తాది. అది పడితే?"

చెయ్యి పట్టి లాగాను. కదల్లేదు. అప్పుడు పైడమ్మ నా చంకలోంచి జారి, వెళ్ళి ఆవిడ గౌను రెండుచేతుల్తో పట్టేసుకుంది. "నువ్వు రాకపోతే నానూ రాను," అంది. నేను లాగితే ఇంకా గట్టిగా అతుక్కుపోయింది. దొరసాని దాన్ని చూసింది. మొదటిసారి, రెండుచేతులా ఎత్తుకుంది. ఎత్తుకొని పడవెక్కింది.

గోదాము గుమ్మం దగ్గర పిల్లని నాకందించి ఆగిపోయింది. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి గోడ మీద కొట్టింది. చెవి పెట్టింది. పైన రేకుల మీద వాన ఎంత మోతగా ఉందంటే పక్కమనిషి మాట వినపడటం లేదు. మళ్ళీ కొట్టింది. తలతిప్పి నన్ను చూసింది. అలాంటి ముఖం నేను ఎవరిదీ చూడలేదు. అన్నేళ్ళుగా ఆవిడకి గోడ చెప్పే మాటొక్కటే ధైర్యం. ఆవేళ అదీ వినపడలేదు.

లోపలికి వచ్చింది. నేరుగా లోపలి గోడ దగ్గరికి నడిచి, వీపు ఆనించి, చేతులు రెండూ బార్లా చాపి, మడమలు నేలకి తన్నిపెట్టి నిలబడింది. పడబోయే గోడని ఆపుతున్నట్టు.

ఆడవాళ్ళు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. "దొరసానికి పిచ్చి ముదిరిపోనాది," అని ఎవరో నవ్వారు కూడా. వాన తగ్గలేదు. నీళ్ళు గుమ్మం దాకా వచ్చి ఆగాయి. పిల్లలకి తడి కొబ్బరిముక్కలు పంచాం. ఆవిడ కదల్లేదు. మంచినీళ్ళు పట్టుకెళ్తే, నోరు తెరిచి తాగింది గాని చేతులు గోడ మీంచి తియ్యలేదు. మధ్యాహ్నం దాటేసరికి కాళ్ళు వణకడం మొదలైంది. మోకాళ్ళు మడతపడి, ఉలిక్కిపడి, మళ్ళీ నిలదొక్కుకుంటోంది. "కూకోండమ్మా, ఇది గట్టి గోడ," అంటే తల అడ్డంగా ఊపింది.

మా అత్త ఒక మూల కూచుని అదంతా చూస్తోంది. అత్త ఇద్దరు పిల్లలు ఈ దేశం వచ్చేటప్పుడు ఓడలోనే పోయారు. నీళ్ళలోకి దింపేశారు. ఆ సంగతి ఎప్పుడూ ఎత్తేది కాదు. గోడలో ఎవరో పిలుస్తున్నారని నన్ను భయపెట్టిన మా అత్త, చెయ్యి నేలకి ఊని లేచి, నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి, దొరసాని పక్కని గోడకి వీపు ఆనించింది.

"వోలమ్మా, నువ్వు కూకో," అంది. "అలిసిపోనావు. నాను అట్టుకుంతాను."

దొరసాని ఆవిడ వైపు చూసింది. అర్థంకాక కాదు. నమ్మొచ్చా అన్నట్టు.

"ఒక్కదానివి కావు గదే," అంది మా అత్త. నా వైపు తిరిగి, "కోడలా, ఏటి సూత్తావు? రా," అంది.

వెళ్ళి అత్త పక్కన ఆనుకున్నాను. ఇటికలు చల్లగా, గట్టిగా ఉన్నాయి. ఆ గోడ ఎవరూ పట్టుకోకపోయినా పడేది కాదు, నాకు తెలుసు. నవ్విన మనిషి కూడా లేచి వచ్చింది. పసిపిల్లల్ని ఒళ్ళోంచి దించి ఇంకా కొందరు వచ్చారు. కుక్కీ తడిచొక్కా పిండుకొని ఆ చివర నిలబడ్డాడు. గోడ ఈ చివరి నుంచి ఆ చివరికి నిండిపోయాం.

అప్పుడు దొరసాని చేతులు దించింది. అలాగే గోడవెంట కిందికి జారి, మా కాళ్ళ దగ్గర కూలబడింది. పైడమ్మ వెళ్ళి ఆవిడ పక్కన ముడుచుకుంది. ఆవిడ చెయ్యి ఒకటి దాని మీద వేసుకుంది. కాసేపటికి ఇద్దరూ నిద్రపోయారు. ఇటికగోడ కింద, పైన ఇనపకప్పు దడదడలాడుతుంటే, నోరు కొంచెం తెరుచుకొని, చంటిపిల్లలా నిద్రపోయింది ఆవిడ. మేం ఎవరం కదల్లేదు.

వాన కాస్త వెలిసే వేళకి దొర వచ్చాడు. ఒళ్ళంతా బురద. బంగళా ఒరిగిపోయి ఖాళీగా ఉండటం చూసి వచ్చినట్టున్నాడు, పిచ్చిచూపులు చూస్తున్నాడు. గుమ్మంలో ఆగి ఏదో అరవబోయాడు. నేను నోటి మీద వేలు పెట్టి, కింద చూపించాను.

నిద్రపోతున్న అక్కని చూశాడు. తరవాత మమ్మల్ని చూశాడు, ఒక్కొక్కళ్ళనీ, ఈ చివరి నుంచి ఆ చివరికి. ముసలమ్మని, నన్ను, కుక్కీని, గోడకి ఆనుకున్న అందరి వీపుల్నీ. ఏం చేస్తున్నారని అడగలేదు. ఆయన ఒక్కడికే అడగాల్సిన పనిలేదు.

టోపీ తీసి నేల మీద పెట్టాడు. చప్పుడు కాకుండా నడిచొచ్చి, నేను జరిగి ఇచ్చిన కాస్త చోటులో గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు.